పసుపు కొమ్ములు లేని ఛాంబరు

"ఒట్టేసి చెప్పిన అబద్ధానికి మించిన సాక్ష్యం లేదక్కా. అందుకే ముందు వాళ్ళని మాట్లాడనిచ్చాం," అంది సఫూరా ఆటో దిగుతూ.

జానీబీ చెవికి ఆ మాట ఎక్కలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోల్డ్ స్టోరేజీ గేటు వంకే చూస్తోంది. ఏడాదిన్నర కిందట ఆమె కొడుకు అస్లాం ఆ గేటులోంచే మెషిన్ ఆపరేటర్ డ్యూటీకి లోపలికి వెళ్ళాడు. ఆ రోజే మూడో ఛాంబరు తగలబడింది. ఆ తరవాత పిల్లాడి జాడ లేదు. ప్రత్తిపాడు పొలం కౌలుకు చేసి ఆమె పండించిన మిరపకాయల బస్తాలు కూడా మూడో ఛాంబర్లోనే ఉన్నాయని, అస్లాం అజాగ్రత్త వల్లే నిప్పు పుట్టిందని, భయపడి వెనక గేటు గుండా పారిపోయాడని యజమాని త్రినాథ్ చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు.

"మిరపకాయలు పోతే పోయినయ్యి. నా బిడ్డ యాడున్నాడో ఆయన్నడగండమ్మా. స్టేషన్లో అడిగితే నన్ను గదమాయిస్తున్నారు," అని లాయరు కోటేశ్వరి కాళ్ళ దగ్గర కూర్చుంది జానీబీ, కేసు వేసిన రోజున.

అప్పుడు కోటేశ్వరి విడమరిచి చెప్పింది. సరుకు నష్టానికి వేసే సివిల్ దావాలో సాక్షులు బోనెక్కకముందే ఒక తతంగం ఉంటుంది. కోర్టు అనుమతి తీసుకుని అవతలివాళ్ళకి ప్రశ్నలు పంపొచ్చు. వాళ్ళు ప్రమాణం చేసి, సంతకం పెట్టి జవాబులివ్వాలి. మన దగ్గరున్నవి వాళ్ళకి చూపించాలి, వాళ్ళ దగ్గరున్నవి మనం చూడాలి. అవసరమైతే కోర్టు ఒక కమిషనర్ని వేసి స్థలం చూపిస్తుంది. దాపరికం పెట్టినవాడికి తరవాత నోరుండదు.

ఆ ప్రశ్నలు కూర్చింది సఫూరా. ఒకప్పుడు కానిస్టేబులు. పాప పుట్టాక ఆ ఉద్యోగం వదిలేసి, ఇప్పుడు గుంటూరు లాయర్లకి ఎంక్వయిరీలు చేసిపెడుతుంది. ఆమెకో గుణం ఉంది. కాలేజీ నుంచి కూతురి బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, బస్సు బోల్తా పడిందని, ఆసుపత్రి వరండా అని, అక్కడ తెల్లదుప్పటి అని చకచకా అనేసుకుంటుంది. ఇంట్లో నవ్వుతారు. పనిలో మాత్రం ఆ గుణమే ఆమెకి అన్నం పెడుతోంది. అవతలివాడు చెయ్యగల పాడుపని ఏదో వాడికంటే ముందు ఆమెకే తడుతుంది.

గేటు లోపల తెల్లకారు పక్కన బుల్లయ్య నిలబడి ఉన్నాడు. రిటైరైన సీఐ. ఇప్పుడు త్రినాథ్ తరఫున అన్నీ చక్కబెడుతున్నాడు.

"ఏమ్మా సఫూరా! మా స్టేషన్లో టీలు తెచ్చేదానివి, డిటెక్టివువి అయిపోయావంటగా?"

"అవును సార్. టీ గ్లాసులు ఇచ్చి వచ్చేదాన్ని గానీ, చెవులు అక్కడ వదిలి వచ్చేదాన్ని కాదు."

పక్కనున్న డ్రైవరు కిసుక్కుమన్నాడు. బుల్లయ్య వాడి వంక ఒక చూపు చూశాడు. వాడు కారద్దం తుడవడం మొదలెట్టాడు.

కోర్టు వేసిన కమిషనరు శేషగిరి అప్పటికే వచ్చి ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి గుంటూరులో ప్రాక్టీసు పెట్టిన లాయరు. ఈ మిరప ఘాటుకి ఇంకా అలవాటు పడలేదు, గేటు దగ్గర్నించీ తుమ్ముతూనే ఉన్నాడు. కోటేశ్వరి ఆయన చేతికి త్రినాథ్ ఇచ్చిన జవాబుల ప్రతి అందించింది.

"ఒక్కసారి పైకి చదవండి సార్. అందరూ విన్నాక లోపలికి పోదాం."

శేషగిరి ముక్కు తుడుచుకుని చదివాడు. జానీబీ బస్తాలు తెచ్చినవి తెచ్చినట్టే మూడో ఛాంబర్లో పెట్టారు. ఒక్కటీ విప్పలేదు, ఒక్కటీ బయటికి తియ్యలేదు, అన్నీ కాలిపోయాయి. రెండో ఛాంబర్లో ఉన్నది వేరే రైతుల సరుకు, పెట్టిననాటి నుంచి దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఈ ఆవరణ తప్ప సరుకు దాచే చోటు త్రినాథ్‌కి ఇంకెక్కడా లేదు.

"అంతే కదండీ త్రినాథ్ గారూ? మార్చుకునేదేమైనా ఉందా?" అంది సఫూరా.

"ప్రమాణం చేసి చెప్పినమాట మార్చడానికి నేనేమన్నా నీలాంటి వాణ్ణా?" అన్నాడు త్రినాథ్, ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకుంటూ. "మొన్న మీరు తిప్పి పంపిన మా ఫొటో కూడా ఒప్పుకున్నాం. ఆ పచ్చగుడ్డ ఆవిడ బస్తాకే ఉంది, లోపలికి పోయింది. బస్తాతో పాటే బూడిదైంది. ఇంకేం కావాలి?"

ఆ పచ్చగుడ్డ గురించే మొన్న కోటేశ్వరితో సఫూరా గొడవ పెట్టుకుంది. ఈ చుట్టుపక్కల పంట కోల్డ్ స్టోరేజీకి తోలేటప్పుడు మొదటి బస్తా మూతికి రైతులు పసుపు కొమ్ము కడతారు. జానీబీ కొమ్ముకి బదులు దర్గాలో ఇచ్చిన పచ్చగుడ్డ సగం చించి కడుతుంది, మిగతా సగం ఇంట్లో దాచుకుంటుంది. సరుకు దించిన రోజు గేటు దగ్గర త్రినాథ్ మనుషులు తీసిన ఫొటోలో ఆ గుడ్డ స్పష్టంగా ఉంది. ఆ ఫొటో ఇచ్చింది కూడా వాళ్ళే, తాము ఎంత జాగ్రత్తగా దించుకుంటారో చూపించుకోవడానికి.

"మన దగ్గరున్న సగం గుడ్డ ముందే చూపిస్తే రాత్రికి రాత్రి ఆ ముక్క మాయం చేస్తారు మేడమ్," అని మొత్తుకుంది సఫూరా.

"దాచిపెట్టి తరవాత తీస్తే జడ్జిగారు తీసుకోరు. చూపించాల్సిందే," అంది కోటేశ్వరి.

సఫూరా "సరే, చూపించండి. కాకపోతే వాళ్ళ జవాబులు మన చేతిలో పడ్డాక చూపించండి. మాయం చేస్తే చెయ్యనివ్వండి. మాయం చేసినవాడి చేతికి మరక అంటకుండా ఉండదు," అంది.

ఇప్పుడు ఆ మరక వెతకడానికే వచ్చింది.

మూడో ఛాంబరు చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. మాడిన గోడలు, మసి. రెండో ఛాంబరు తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొట్టింది. చెక్కల అంతస్తుల మీద కప్పుదాకా బస్తాలు. రేటు కోసం కాచుకుని రెండేళ్ళుగా దాచుకున్నవాళ్ళ సరుకు కూడా అందులో ఉంది. బస్తాల మీద రైతుల పేర్లు, ఊళ్ళ పేర్లు రాసి ఉన్నాయి.

సఫూరా టార్చి వేసుకుని ఒక్కో వరస ముందూ ఆగింది. జానీబీ వెనకాలే నడుస్తూ, "లేదు సఫూరా. నా గుడ్డ లేదు. తీసేశారు. అంతా అయిపోయింది," అని గొణుగుతోంది.

"నీ గుడ్డ లేకపోవడం కాదక్కా, ఇంకేం లేదో చూడు."

"ఏముంది చూడ్డానికి, బస్తాలేగా..." జానీబీ మాట సగంలో ఆగింది. టార్చి వెలుగు ఒక వరస నుంచి ఇంకో వరసకి పోయింది. "అయ్యో, కొమ్ముల్లేవేంది? ఒక్క రైతు బస్తాకీ లేవే!"

"గట్టిగా చెప్పు. కమిషనరు గారు వినాలి."

"ఇంతమంది రైతుల సరుకండీ! కొమ్మో గుడ్డో కట్టకుండా మొదటి బస్తా ఇల్లు దాటిస్తే మా అత్త నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఏ ఒక్కళ్ళన్నా మరిచారంటే సరే. ఊళ్ళకి ఊళ్ళు మరిచిపోతాయా?"

శేషగిరి దగ్గరికి వచ్చాడు. సఫూరా ఒక బస్తా మూతి దగ్గర వేలు పెట్టి చూపించింది. గోనె మీద పసుపు మరక, దాని పక్కన కోసిన దారపు మొన. ఇంకో రైతు మొదటి బస్తాకీ అంతే, అవతలి వరసలోనూ అంతే. దుమ్ము పట్టని తెల్లటి కోత.

"పెట్టిననాటి నుంచి ఎవరూ చెయ్యి వెయ్యలేదన్నారు కదండీ. మరి ఇవన్నీ ఎవరు కోశారు?"

"తేమకి ఊడిపోయి ఉంటాయి," అన్నాడు బుల్లయ్య.

"అన్నీ ఒకేసారా సార్? కత్తితో కోసినట్టు సమంగానా?"

"ఇదిగో చూడు సఫూరా, ఊహలు చెప్పడానికి కాదు మనం వచ్చింది. నీ క్లయింటు గుడ్డ ఇక్కడ లేదు. రాసుకోండి కమిషనర్ గారూ, లేదని రాసుకోండి."

"రాయండి సార్, ఇది కూడా రాయండి." సఫూరా చివరి వరస పక్కన నేల మీదికి టార్చి తిప్పింది. మిగతా నేలంతా ఎర్రటి కారపు దుమ్ము పేరుకుని ఉంటే, అక్కడ మాత్రం గదంత మేర తెల్లగా మెరుస్తోంది. దాని అంచున బస్తాలు ఈడ్చిన చారలు తలుపు దాకా ఉన్నాయి. "ఇక్కడి సరుకు ఈ మధ్యే కదిలింది. ఎక్కడికి పోయిందో త్రినాథ్ గారే చెప్పాలి."

త్రినాథ్ చొక్కా జేబులోంచి రుమాలు తీశాడు. అంత చలిలో నుదురు తుడుచుకున్నాడు.

"హమాలీలు సర్దుకుని ఉంటారు," అన్నాడు.

"అయితే హమాలీల్నే అడుగుదాం."

"సాక్షుల్ని అడిగే హక్కు నీకెవరిచ్చారే?" బుల్లయ్య గొంతు పాత స్టేషన్ గొంతైంది.

"నాకు లేదు సార్. కమిషనరు గారికుంది. కోర్టు ఆయనకిచ్చిన వారెంటులోనే రాశారు, కావాలంటే మళ్ళీ చదువుకోండి," అని కోటేశ్వరి కాగితం బుల్లయ్య ముక్కు కిందకి జరిపింది. శేషగిరి అవునన్నట్టు తలూపి మళ్ళీ తుమ్మాడు.

సఫూరా అప్పటికే బయటికి నడుస్తోంది. ఆమె మనసులో ఒకటే లెక్క. కోసేసిన కొమ్ములు ఎక్కడ? చెత్తకుప్ప గేటు పక్కనే ఉంది, వచ్చేటప్పుడే చూసింది, దానిలో లేవు. తగలబెట్టారా? ఎవరు తగలబెడతారు? బుల్లయ్య అయితే తగలబెడతాడు, ఆయనకి దేవుడూ లేడు దెయ్యమూ లేదు. కానీ కోసింది బుల్లయ్య చేతులు కాదు, హమాలీల చేతులు. ఇంట్లో పెళ్ళాం మెడలో పసుపుతాడు ఉన్నవాడు పసుపు కొమ్ముని పెంటలో వెయ్యడు. యజమాని చెప్పాడని కోస్తాడు. పారేయమంటే సరేనంటాడు. పారెయ్యడు, ఏ దేవుడి పటం ముందో పెడతాడు.

మెషిన్ రూములో కంప్రెసరు హోరు. ఓ మూల గోడకి అంకమ్మ తల్లి పటం, ముందు దీపం. పటం కింద పెద్ద ఇత్తడి పళ్ళెం నిండా పసుపు కొమ్ములు, తెగిన దారాలతో సహా. పక్కన విడిగా, మేకుకి తగిలించి, వెండి జరీ అంచున్న పచ్చగుడ్డ పీలిక.

జానీబీ ఒక్క అడుగు ముందుకేసి జాకెట్లోంచి మడత తీసింది. ఆ మడతలో ఆమె సగం గుడ్డ. దాన్ని మేకు దగ్గర ఆనించింది. చింపిన అంచు చింపిన అంచుతో కలిసింది, మధ్యలో తెగిన జరీ పువ్వు పూర్తయింది.

శేషగిరి ఫొటో తీశాడు. ఇంకో వైపునుంచి ఇంకోటి తీశాడు.

"దింపేటప్పుడు ఊడి పడుంటుంది, ఎవడో తెచ్చి తగిలించి ఉంటాడు," అన్నాడు బుల్లయ్య, చాలా నెమ్మదిగా.

"అట్లా అనకుండా ఉండాలనే కదా సార్ మొన్న మీచేత ఒప్పించాం? గుడ్డ బస్తాకే ఉంది, లోపలికి పోయింది, బస్తాతో పాటే బూడిదైందని త్రినాథ్ గారి సంతకం. బూడిదైంది మరి ఇక్కడ పచ్చగా ఎట్టా ఉంది?" సఫూరా శేషగిరి వైపు తిరిగింది. "ఆ ఛాంబరు కాలకముందే మా అక్క బస్తాలు బయటికొచ్చాయండీ. గోతాలు మార్చి రెండో ఛాంబర్లో పెట్టారు. కాలింది చెత్త. బీమా వచ్చింది సరుక్కి. కాయలు దొంగిలించడానికి వెనకాడనివాళ్ళు దర్గా గుడ్డ పారేయడానికి జంకి, కొత్త గోతానికి మళ్ళీ కట్టారు. మొన్న మేము మా సగం గుడ్డ చూపించాక దాన్ని వెతికి తీయమన్నారు. ఏ వరసో తెలియక, మూతికి ఏది కట్టి ఉంటే అది కోసెయ్యమన్నారు."

గుమ్మం దగ్గర ముఠా మేస్త్రి బాపయ్య తువ్వాలు పిండుతూ నిలబడ్డాడు. చాలా ఏళ్ళుగా ఇక్కడ బస్తాలు మోయించేది ఆయనే.

"ఒరేయ్ బాపయ్యా, పనిచూసుకో ఫో!" అన్నాడు త్రినాథ్.

"ఉండు బాబాయ్," అంది సఫూరా. "ఎవరు కోయమన్నారో నేనడగను. ఇవన్నీ ఇక్కడెందుకు పెట్టావో అది చెప్పు చాలు."

బాపయ్య యజమాని వంక చూశాడు, పటం వంక చూశాడు.

"పారేయమన్నారు తల్లీ. నలుగురూ తొక్కితే ఆ పాపం నా పిల్లలకి తగులుద్ది. నేనూ పిల్లలున్నోణ్ణి. ఆ గుడ్డ సాయిబులది, పసుపులో కలపకూడదని ఏరుగా పెట్టాను."

"రాసుకోండి సార్," అంది కోటేశ్వరి. శేషగిరి రాస్తూనే ఉన్నాడు.

"రెండో ఛాంబర్లో ఆ మూల బస్తాలు ఎటు పోయినయ్ బాబాయ్?"

"నిన్న మధ్యాహ్నం లారీకెత్తాం. నల్లపాడు గోడౌనుకి."

"ఏ గోడౌనురా? నాకు గోడౌను లేదు!" అని త్రినాథ్ అరిచాడు. అరిచాక గాని తెలియలేదు ఆ అరుపు కూడా కాగితం మీదికి ఎక్కుతోందని.

బాపయ్య ఇక ఆగలేదు. మూట విప్పడం మొదలుపెట్టినవాడికి చివరిముడి దగ్గర ఆగడం కష్టం. బొడ్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని జానీబీ ముందు చాపాడు.

"ఇది కూడా పారేయబుద్ధి కాలేదమ్మా. నిన్న సరుకెత్తేటప్పుడు లారీలో నీలం పట్టా మడతలో దొరికింది. మీ వాళ్ళదేమో చూడు."

రాగి తాయెత్తు. ఒక పక్క చిన్న సొట్ట.

జానీబీ దాన్ని తీసుకుని ముఖానికి ఆనించుకుంది. "పళ్ళొచ్చేటప్పుడు కొరికాడు. ఇది ఆడి పంటి సొట్టే. నా అస్లాందే. అయిపోయింది సఫూరా. చంపేశారు. నాకు తెలుసు, నాకు మొదట్నించీ తెలుసు..."

 తెల్లదుప్పటి సఫూరా కళ్ళ ముందు కూడా ఆడింది. కానీ చెడు తలుచుకోవడంలో ఆరితేరినవాళ్ళకి, చెడు ఎక్కడ ఆగిపోయిందో కూడా కనబడుతుంది. ఆమె తాయెత్తుని కాదు, దాని తాడుని చూసింది.

"అక్కా, ఏడుపాపి చెప్పు. డ్యూటీకి పోయిన రోజు ఏ తాడు మీద ఉంది ఇది?"

"ఎర్రదారం. ఆ పొద్దున నా చేత్తోనే మార్చి కట్టాను. గట్టిది."

"ఇప్పుడు చూడు."

జానీబీ కళ్ళు తుడుచుకుని చూసింది. ఎర్రదారం లేదు. గోతాలు కుట్టే పురికొస మూడు పేటలుగా జడలాగా అల్లి ఉంది. తెగినచోట పీచు ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది.

"ఈ అల్లిక..." జానీబీ తాడుని వేళ్ళ మధ్య తిప్పింది. "మేకపిల్లకి తాడు అల్లమంటే ఇట్టాగే అల్లేవాడు. అంచు లోపలికి దోపి."

"చచ్చిపోయినోడు తాయెత్తు తాడు మార్చుకోడక్కా. మీ వాడు బస్తాలు మార్చడం చూసి ఉంటాడు. అందుకే దాచారు. ఈ మధ్యే ఆ లారీలో ఉన్నాడు."

శేషగిరి పెన్ను మూశాడు. "నల్లపాడు నా వారెంటులో లేదండీ. కోర్టు నుంచి ఇంకో ఆర్డరు కావాలి."

"మధ్యాహ్నం లోపల తెస్తాను. పోలీసులకి కూడా ఇప్పుడే చెబుతాను, ఈసారి ఎట్టా రాసుకోరో చూస్తాను," అని కోటేశ్వరి ఫోను తీసింది.

"ఆర్డరు మీరు తెండి మేడమ్. అది వచ్చేదాకా ఆ తలుపుకి అడ్డం నేను నిలబడతాను," అంటూ సఫూరా వెనక్కి తిరిగింది.

బుల్లయ్య నిలబడ్డచోట బుల్లయ్య లేడు. బయట తెల్లకారు కూడా లేదు.

ఆటోలో జానీబీ తాయెత్తుని పిడికిట్లో బిగించుకుని ఒకటే మాట. "మనకంటే ముందు పోతాడు. కారు కదా. ముందే పోతాడు."

"పోనీలే అక్కా. ఎంత పెద్ద సీఐ అయినా నల్లపాడు రైలుగేటు సెల్యూట్ కొట్టదు."

కొట్టలేదు. గేటు పడి ఉంది. వరసలో అందరికంటే ముందు తెల్లకారు, స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ డ్రైవరు, వెనకసీట్లో ఫోనులో బుల్లయ్య. గూడ్సు బండి సాగుతూనే ఉంది. సఫూరా ఆటో దిగి, జానీబీ చెయ్యి పట్టుకుని, కారు పక్కగా నడిచి అద్దం మీద వేలితో కొట్టింది.

"ఎవరికి ఫోను సార్? సరుకు బయటికి తీసెయ్యమనా?"

బుల్లయ్య అద్దం దించలేదు. కానీ ఆయన చూపు ఆమె భుజం మీదుగా గేటు అవతలికి పోయింది, వెంటనే వెనక్కి వచ్చింది. ఆ చూపు చాలు. సఫూరా అటు తిరిగింది.

ఆఖరి పెట్టె దాటింది. అవతలి గేటు దగ్గర, ఇటే రావడానికి ఇంజను ఆన్‌లో పెట్టుకుని, నీలం పట్టా కప్పిన లారీ ఒకటి నిలబడి ఉంది. దాని డ్రైవరు చెవి దగ్గర ఫోను. బుల్లయ్యని చూసి చెయ్యెత్తాడు.

సఫూరా నోరు తెరిచేలోపే జానీబీ గేటు కింద నుంచి దూరింది. పట్టాల మధ్య నిలబడి, ఏడాదిన్నరగా గొంతులో దాచుకున్న కేకంతా ఒక్కసారి వదిలింది.

"అస్లాం! ఒరేయ్ అస్లామూ!"

గూడ్సు చప్పుడు దూరమైంది. ఆటోలవాళ్ళూ బండ్లవాళ్ళూ ఎవరూ హారను కొట్టలేదు.

నీలం పట్టా కింద, లారీ చెక్క మీద, లోపల్నించి ఎవరో కాలితో తన్నారు. ఆగి, మళ్ళీ తన్నారు.